దాసుకు పడని మాత్ర

ఈ మధ్య నన్నొక శిక్షణ తరగతికి పిలిచారు. ఆరోగ్య పరిశోధనలో కొత్తగా చేరిన పిల్లలు వరుసగా కూర్చున్నారు. తెర మీద రెండు మాటలు పెద్ద అక్షరాల్లో వెలుగుతున్నాయి: సిటిజన్ సైన్స్, ప్రెసిషన్ మెడిసిన్. మామూలు జనాన్ని పరిశోధనలో కలుపుకోవడం మొదటిది. మనిషిని బట్టి మందు ఎంచడం రెండోది. మేం ఆ రెండూ చేసిన రోజుల్లో వాటికి అలాంటి పేర్లున్నాయని మాకు తెలియదు. "మీ అనుభవాలు చెప్పండి మేడమ్" అంటూ పది నిమిషాలిచ్చారు. పది నిమిషాల్లో మా నాన్న చీర మడత కూడా విప్పేవాడు కాదు. అందుకే ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను.

నాకెప్పుడు ఏ పదవి వచ్చిందో, ఏ ఫైలు ఎక్కడ ఆగిందో ఇందులో ఉండదు. అవి చదివి బాగుపడినవాళ్ళెవరూ నాకు కనబడలేదు. ఒక మాత్ర గురించి, ఒక మాట గురించి చెబుతాను.

కొట్టులో పుట్టిన చదువు

మా నాన్నకు భిలాయిలో పవర్ హౌస్ దగ్గర బట్టల కొట్టు ఉండేది. విజయనగరం నుంచి వచ్చినవాడు. ఉక్కు ఫ్యాక్టరీ కట్టడానికి మనుషులొస్తే, వాళ్ళకు బట్టలు కట్టడానికి మేమొచ్చాం అనేవాడు. నేను గల్లా పక్కన కూర్చుని అక్షరాలు దిద్దాను. ఎదుటి మనిషి చీర అంచు నలుపుతోందంటే కొంటుంది, ధర అడిగిందంటే కొనదు. ఇలాంటి శాస్త్రం నాకు పదేళ్ళకే వంటబట్టింది. తరువాత సమాజ సేవలో పట్టా పుచ్చుకున్నాను గాని, ఒంటి నుంచి కలరా ఉండల వాసన పూర్తిగా పోలేదు.

రాష్ట్రం కొత్తగా ఏర్పడింది. ఆఫీసు బోర్డుల మీద పాత పేరుకు రంగు కొట్టి ఛత్తీస్‌గఢ్ అని రాస్తున్నారు. వానకు ఆ రంగు కారి కింద మధ్యప్రదేశ్ మళ్ళీ కనబడుతోంది. అప్పుడు నేనొక రక్త పరిశోధనలో చేరాను. పని ఇది. మలేరియా వచ్చిన మనిషికి జ్వరం తగ్గించే మాత్ర ఒకటి ఇస్తారు. కాలేయంలో దాక్కున్న మలేరియాను తుడిచెయ్యడానికి ఇంకో మాత్ర ఇస్తారు. ఈ రెండో మాత్ర చాలామందికి ఏ హానీ చెయ్యదు. కొందరి రక్తం మాత్రం దానికి తట్టుకోలేదు. ఎర్ర కణాలు విరిగిపోతాయి, మూత్రం నల్లబడుతుంది, కళ్ళు పచ్చబడతాయి, మనిషి కూలబడిపోతాడు. పుట్టుకతోనే రక్తంలో ఒక పదార్థం తక్కువగా ఉండడం దీనికి కారణం. ఎవరెవరికి అలా ఉందో మాత్ర ఇవ్వకముందే కనిపెట్టాలి.

మా పెద్ద డాక్టర్ బెనర్జీ గారు. రక్తపు చుక్కను చూసి మాట్లాడడంలో ఆయనంతటివాడు లేడు. ఆ చుక్క ఏ మనిషిలోంచి వచ్చిందో ఆ మనిషితో మాట్లాడడం మాత్రం నాకు వదిలేసేవారు. ఎవరి సరుకు వాళ్ళమ్ముకోవడం మంచిదే.

మేకు ఎవరు తెస్తారు

ఫ్యాక్టరీలో పనికొచ్చిన మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే బస్తీ క్యాంప్ 1. ఆ సందుల్లో ఇల్లిల్లూ తిరగడానికి మేం నలుగురైదుగురం చాలం. అక్కడివాళ్ళే అడగాలి, అక్కడివాళ్ళే గమనించాలి. చర్చి హాల్లో ఆడవాళ్ళను పోగుచేశాను. మీరే పరిశోధకులు, మీకు సర్టిఫికెట్ ఇస్తాం అని ఊరించాను. టోకున సహాయం కొనడానికి వెళ్ళానన్నమాట.

వెనక బల్ల మీంచి ఒకామె లేచింది. పేరు రత్నం. భర్త ఫ్యాక్టరీలో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ దగ్గర పనిచేస్తాడు. ఆమె ఇంట్లో కుట్టుమిషను, ఆదివారం చర్చిలో పిల్లలకు పాఠం.

"మా రగతం పట్టుకెళ్తారు. బాగానే ఉంది. మాకేటొస్తాది?"

"సర్టిఫికెట్ అమ్మా. గోడకు తగిలించుకోవచ్చు."

"మేకు మీరే తెస్తారేటి, సావుకారమ్మ గారూ?"

హాలంతా నవ్వింది. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా క్యాంప్‌లో నా పేరు సావుకారమ్మే. నవ్వు ఆగాక రత్నం తన షరతులు చెప్పింది. పరీక్షలో ఏం తేలిందో ముందు ఆ మనిషికి చెప్పాలి, తరవాతే పుస్తకాల్లోకి ఎక్కించుకోవాలి. ప్రశ్న బాగోలేకపోతే మార్చే హక్కు తమకు ఉండాలి. ఎవరికైనా ఏదైనా తేలితే, చీటీ పంపకుండా నేనే నడిచి వాళ్ళింటికి రావాలి.

నేను కాసేపు బెట్టు చేసి, ఏదో వదులుకుంటున్నట్టు మొహం పెట్టి ఒప్పుకున్నాను. బెనర్జీ గారికి చెబితే కళ్ళజోడు తీసి చూశారు. "సబ్ కుఛ్ దే దియా? ఔర్ తుమ్ దుకాన్‌దార్ కీ బేటీ హో!" కొట్టువాడి కూతురివై ఉండి అన్నీ ఇచ్చేశావా అని.

కొత్తగా చేరే పిల్లలూ, ఒక్క మాట. జనాన్ని కలుపుకోవడమంటే ఉచితంగా పనిచేసే చేతులు దొరకడం అనుకుంటే మీకు చేతులే దొరుకుతాయి, బుర్రలు దొరకవు. బుర్ర కావాలంటే ప్రశ్న మార్చే హక్కు ఇవ్వాలి. అది ఇవ్వకముందు భారంగా ఉంటుంది, ఇచ్చాక లాభం తెలుస్తుంది.

"మా ఇంట్లో కాదు కదండీ"

మా ప్రశ్న ఇంగ్లీషులో పుట్టి, హిందీలో పెరిగి, తెలుగులోకి కాపురానికొచ్చింది. "మలేరియా మాత్ర వేసుకున్నాక మీ ఇంట్లో ఎవరికైనా మూత్రం నల్లగా వచ్చిందా?" ఇంతకంటే సూటి ప్రశ్న ఉండదని అందరం అనుకున్నాం. వానాకాలం మొదట్లో రత్నం జట్టు సందు సందూ అడిగింది. లేదు, లేదు, లేదు. రక్త పరీక్షలో మాత్రం అక్కడా ఇక్కడా తేలుతోంది. జనం దాస్తున్నారేమోనని బెనర్జీ గారికి అనుమానం వచ్చింది.

ఒకరోజు రత్నం ఇంట్లో కూర్చున్నాను. ఆమె మిషను తొక్కుతూ తమ్ముణ్ణి తిట్టుకుంటోంది. తమ్ముడు యేసుదాసు ఫ్యాక్టరీలో క్రేన్ నడుపుతాడు. అందరూ దాసు అంటారు.

"మా దాసుగాడికి మళ్ళీ జొరం. ఆసుపత్రికి పోరా అంటే ఇనడు. పోయినసారి ఆ మాత్రలేసీసుకుని పడ్డ పాట్లు గుర్తొచ్చి బయపడతన్నాడు."

"ఏ పాట్లు?"

"ఒంటికెళ్తే టీ డికాషన్నాగ వొచ్చీసేదండి. కళ్ళు పసుపు. పసిరికలన్నారు. తాగుతున్నాడేమోనని మా అమ్మ ఒకటే ఏడుపు. మావోడు సోడా కూడా తాగడు."

నా చేతిలో టీ ఉంది. అది చేతిలోనే ఉండిపోయింది. "రత్నం, మీ ఇంట్లో ఎవరికీ అలా కాలేదని నువ్వే కదా చెప్పావు?"

ఆమె మిషను ఆపి, ఇంత చదువుకున్న మనిషికి ఇది కూడా తెలియదా అన్నట్టు చూసింది. "మా ఇంట్లో కాదు కదండీ. అది మా పుట్టిల్లు."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తరవాత ఆమె "ఓలమ్మో!" అని నెత్తి కొట్టుకుంది. పెళ్ళయిన ఆడమనిషిని మన భాషలో "మీ ఇల్లు" అని అడిగితే ఆమె అత్తవారింటి లెక్కే చెబుతుంది. ఆ ఇంటిపేరు వేరు, ఆ రక్తం వేరు. ఈ గుణమేమో తల్లి వైపు నుంచి కొడుక్కి వస్తుంది. తమ్ముడికి ఉంటే అక్క మోస్తూ ఉండొచ్చు, అక్క కొడుక్కి రావొచ్చు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. మేమే ప్రతి ఇంట్లోనూ తప్పు గుమ్మం తట్టాం.

సాయంత్రానికి ఆడవాళ్ళు ప్రశ్న మార్చేశారు. "మీ పిల్లల మేనమామకి ఏటైనా అయిందా? మీ మేనమామకి?" అంతే. ఇన్నాళ్ళూ నోరు మూసుకున్న సందులు మాట్లాడడం మొదలెట్టాయి. పిల్లాడు మేనమామ పోలిక అని మన వాళ్ళు ముక్కూ చెవులూ చూసి అంటారు. రక్తం లోపల కూడా ఆ పోలిక ఉంటుందని బెనర్జీ గారు గీసిన వంశవృక్షం చూశాక గాని నాకు తెలియలేదు.

ఒక్కటి ఒప్పుకోవాలి. ఉత్సాహం ఎక్కువై మా జట్టు, కామెర్లొచ్చిన ప్రతి మేనమామనూ పట్టుకొచ్చింది. అందులో సగం మందికి నీళ్ళ వల్ల వచ్చింది, కొందరికి సీసా వల్ల వచ్చింది. బెనర్జీ గారు పరీక్ష చేసి వాళ్ళను పంపించేశారు. కథ ఎంత నిజమనిపించినా పరీక్ష లేకుండా ఆయన ఒక్క పేరూ రాయనివ్వలేదు. ఆ విషయంలో నేనెంత గీచినా దిగలేదు, దిగకపోవడమే మంచిదైంది.

మింగలేని మాట

దాసు రక్తం పరీక్షకు వచ్చింది. మేమనుకున్నదే తేలింది. మలేరియా కూడా ఉందని తేలింది. అయితే ఈలోపలే అతను వేరే చోట చూపించుకున్నాడు. వాళ్ళు అందరికీ ఇచ్చినట్టే రెండు రకాల మాత్రలూ ఇచ్చారు. జ్వరం మాత్ర వేసుకున్నాడు. రెండో మాత్రల పట్టీ చొక్కా జేబులో ఉంది.

షరతు ప్రకారం నేనే నడిచి వెళ్ళాను. రత్నం ముందే అక్కడుంది. బెనర్జీ గారు చెప్పమన్నట్టే చెప్పాను. "దాసూ, నీ రక్తంలో ఒక లోపం ఉంది. ఆ రెండో మాత్ర వేసుకోకూడదు."

అతను మంచం మీంచి లేచి కూర్చున్నాడు. "లోపమా?"

"పుట్టుకతో వచ్చింది. భయం లేదు."

"మీకు లేదు బయం. రిసాలిలో నాకు సంబంధం కుదిరింది. వచ్చే నెల ప్రదానం. రగతంలో లోపం ఉందంటే పిల్లనిస్తారేటండి? ఆ మాత్ర మింగితే నాలుగు రోజులు మంచం. ఆ మాట మింగితే జన్మంతా మంచమే." జేబులోంచి పట్టీ తీశాడు. "నాను ఏసీసుకుంటాను. పోయినసారి చచ్చానేటి?"

"ఒరే, పోయినసారి మధ్యలో ఆపీసినావు గనక బతికినావు," అంది రత్నం.

"నువ్వూరుకో అక్కా. ఇదంతా నీవల్లే. ఊళ్ళో మేనమామలందర్నీ లెక్కెట్టి, ఆఖరికి సొంత తమ్ముడి పెళ్ళికి ఎసరెట్టినావు."

నాకు వచ్చిన బేరాలన్నీ ఆడాను. మేం ఎవరికీ చెప్పం అన్నాను. చెప్పకపోయినా తెలుస్తుందన్నాడు, మాత్రలు ఎందుకు మానేశావని అడిగితే ఏం చెప్పాలన్నాడు. అతని మాటలో తప్పు లేదు. ఒక మనిషి నిండు ప్రాణం ఒకవైపు, మా కాగితాల్లోని ఒక మాట ఇంకోవైపు. తూకంలో మా మాటే బరువుగా ఉంది.

రత్నం విసురుగా నావైపు తిరిగింది. "లోపం, లోపం అని మీరే అంటారు. మా ఆయనకి గోంగూర పడదు. తింటే ఒళ్ళంతా దద్దుర్లు. మా ఆయనలో లోపం ఉందని ఎవులైనా అన్నారేటి? గోంగూర పడదంటారు. అంతే కదా!"

కొట్టులో మూలన పడున్న తానులోంచి మంచి జరీ బయటపడితే మా నాన్న మొహం ఎలా ఉండేదో, అప్పుడు నా మొహం అలా ఉండి ఉంటుంది.

"దాసూ," అన్నాను, "ఆ మాత్ర నీకు పడదు."

అతను పెదవుల మధ్యనే ఒకసారి అనుకుని చూశాడు. పడదు. "అలగని రాసిస్తారేటి?"

"రాయిస్తాను. నేనొచ్చేదాకా అది వేసుకోకు."

"మీ సరుకు మీరు తెచ్చేదాకా ఇది నా జేబులోనే ఉంటాది," అన్నాడు. ఆ కుటుంబమంతా వ్యాపారం చెయ్యాల్సినవాళ్ళు, పొరపాటున ఉక్కులో చేరారు.

బెనర్జీ గారు అంత తేలిగ్గా దిగలేదు. లోపం అన్నదే సరైన మాట, శాస్త్రంలో అలాగే అంటారు అన్నారు. మీ ఫైళ్ళలో మీ మాట ఉంచుకోండి, మనిషి జేబులో ఉండే చీటీ మీద మాత్రం మా మాట ఉండాలి అన్నాను. అప్పుడాయన ఒక మంచి ప్రశ్న వేశారు. "ఆ గోంగూర ఆయన, పండగ రోజు కొంచెం తింటాడా?"

రత్నాన్ని అడగక్కర్లేదు. తింటాడు. పడదన్నవాళ్ళందరూ పండగ రోజు కొంచెం తింటారు.

"అదే నా భయం," అన్నారాయన హిందీలో. మీ మాట మెత్తగా ఉంది, మందు విషయంలో అంత మెత్తదనం పనికిరాదు అన్నారు. ఆయన బేరం ఆయనాడారు. మాత్ర పేరు స్పష్టంగా ఉండాలి. పక్కనే "డాక్టరు చెప్పకుండా ఒక్కటి కూడా వేసుకోకూడదు" అని ఉండాలి. పడని ఇతర మందులు కూడా ఉండాలి. చివర్లో ఇంకోటి కలిపారు, బట్టల్లో పెట్టే కలరా ఉండలు. అవి కూడా ఈ రక్తానికి పడవట. నా జీవితంలో అంత అవమానం ఎన్నడూ ఎరగను.

చీటీ రాయించి తీసుకెళ్ళాను. దాసు పైకి చదివాడు. ఆఖరి మాట దగ్గర రత్నం పకపకా నవ్వింది. "అంటే మావోడికి సావుకార్ల కొట్టు కూడా పడదన్నమాట!"

దాసు నవ్వలేదు. జేబులోంచి పట్టీ తీసి నా చేతిలో పెట్టాడు. ఒక్క మాత్ర కూడా పోలేదు.

రిసాలిలో టీ

అతని భయం పూర్తిగా పోలేదు. రిసాలి వాళ్ళకు ముందే చెప్పెయ్యాలని రత్నం పట్టు. ముగ్గురం వెళ్ళాం. పెళ్ళికూతురు గ్రేస్ లోపల తలుపు దగ్గర నిలబడింది. వాళ్ళమ్మ శాంతమ్మ టీ తెచ్చింది. దాసు నేల చూపులు చూస్తున్నాడు.

"వొదినా, ఒక మాట," అంది రత్నం. "మావోడికి మలేరియాకిచ్చే ఒక మాత్ర పడదు. డాక్టరు చీటీ ఇచ్చాడు. పెళ్ళికి ముందే తెలియాలని చెప్తన్నాను."

శాంతమ్మ చీటీ అటూ ఇటూ తిప్పింది. "పడకపోతే మానీమనండి. దానికేటి? మా గ్రేసుకి రొయ్యలు పడవు. అది కూడా ఇప్పుడే చెప్పీసుకుందుము, మళ్ళీ మమ్మల్ని అనకండి."

దాసు తలెత్తాడు. లోపలి నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. పని అయిపోయిందని నేను టీ అందుకున్నాను. శాంతమ్మ మాటల్లో మాటగా అంది. "మా తమ్ముడికీ అంతే, సాలూరులో. ఏదో మాత్ర పడలేదు, పచ్చగా అయిపోనాడు పాపం."

రత్నం కప్పు కింద పెట్టేసింది. "ఏ మాత్ర వొదినా?"

అదే మాత్ర. తమ్ముడికి ఉంటే శాంతమ్మ మోస్తుండొచ్చు, శాంతమ్మ నుంచి గ్రేస్‌కు వచ్చి ఉండొచ్చు. దాసుకు ఎలాగూ ఉంది. అలాంటప్పుడు కూతురు పుట్టినా ఆ మాత్ర పడకపోయే వీలుంది. నేను నోరు విప్పడానికి తటపటాయిస్తుంటే గ్రేస్ బయటికొచ్చి నేరుగా అడిగింది. "మరి పుట్టే పిల్లలకో?"

"పుట్టగానే చూద్దాం," అన్నాను. "తెలిస్తే అది ఒక మాత్ర మానెయ్యడమే. తెలియకపోతేనే ప్రమాదం."

గ్రేస్ దాసు వైపు చూసింది. "రొయ్యలూ ఆ మాత్రా లేకపోతే మనం బతకలేమేటి?"

ప్రదానం జరిగింది. పెళ్ళి జరిగింది. కొత్త చీరలకు కలరా ఉండలు పెట్టకుండా నేనే దగ్గరుండి మడతలేశాను.

నహీ పడ్తీ

ఆ తరువాత ఆ మాట మా చేతుల్లో లేకుండా పోయింది. క్యాంప్‌లో ఒకాయన తనకు కాకరకాయ పడదని పెద్ద డాక్టరే చెప్పాడని పెళ్ళాంతో వాదించాడు. ఆవిడ నిజమో కాదో తేల్చుకోవడానికి నా దగ్గరికొచ్చింది. అబద్ధమని చెప్పాను. ఆయన నాతో మాట్లాడడం మానేశాడు. ఇలాంటివి వృత్తిలో నష్టాలు, భరించాలి.

దాసుకు మొదట కూతురు పుట్టింది. షీబా. పరీక్షలో ఆ పిల్లకూ పడదని తేలింది. రత్నం దాన్ని గుసగుసలకు వదలలేదు. నామకరణం రోజున పేరు చెప్పిన నోటితోనే అదీ చెప్పేసింది. "పేరు షీబా. ఆ మాత్ర పడదు. అన్నాలు తినండి."

కిందటి నెల స్మృతి నగర్ మందుల దుకాణంలో షీబా కనబడింది. కాలేజీ పిల్ల ఇప్పుడు. నాకంటే హిందీ బాగా మాట్లాడుతుంది, తెలుగు ఇంట్లోనే. ఏదో ఇన్ఫెక్షన్‌కు మందు కోసం వచ్చింది. కౌంటర్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఒక పట్టీ తీసి ఇచ్చింది. షీబా మందు పేరు చూసి వెనక్కి నెట్టేసింది.

"దీదీ, యే వాలీ మేరేకో నహీ పడ్తీ."

ఆ అమ్మాయి నవ్వింది. "నహీ పడ్తీ? యే కౌన్ సీ హిందీ హై?" ఇదెక్కడి హిందీ అని.

ఇంత హిందీ వచ్చిన పిల్ల, ఆ ఒక్క మాట దగ్గర తెలుగునే హిందీ చేసి వాడుతోంది. దుకాణం యజమాని లోపల్నుంచి తల కూడా ఎత్తకుండా అన్నాడు. "క్యాంప్ వాలీ హై. నహీ పడ్తీ బోలీ నా? మత్ దే. ఔర్ క్యా క్యా నహీ పడ్తా, పూఛ్ లే పహలే." క్యాంప్ పిల్ల పడదంటే ఇవ్వకు, ఇంకా ఏమేం పడవో ముందు అడుగు అని.

ఆ అమ్మాయి అడిగింది. షీబా పద్యం అప్పజెప్పినట్టు వరుసగా చెబుతూ వచ్చి, చివర ఒకచోట ఆగిపోయి నావైపు తిరిగింది.

"ఆంటీ, కలరా ఉండల్ని హిందీలో ఏటంటారు?"

బట్టల కొట్టు పిల్లను కదా, ఆ సరుకు పేరు నాకు ఏ భాషలోనైనా వచ్చు. బెట్టు చెయ్యకుండా చెప్పేశాను.